గ్యాస్ మీటర్ మోగకపోతే నీళ్లు మంచివేనా?

మొన్నటి ఎపిసోడ్‌లో తొందరగా చెప్పేసిన ముక్క ఇది. కొంచెం వివరంగా రాస్తున్నా.

దోహాలో మా సైటులో అండర్‌గ్రౌండ్ నీళ్ల ట్యాంకు కడగాలి. మూత తీసి, నాలుగు గ్యాసుల మీటర్ దింపి చూశాం. అంతా ఓకే. దిగబోతూ ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మీటర్ మోగలేదంటే క్రిములు కూడా లేనట్టే కదా?"

కాదు. అది ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాసు మాత్రమే చూస్తుంది. బ్యాక్టీరియా సంగతి దానికి తెలీదు.

మరి క్రిముల్ని పట్టే మీటర్ లేదా? ల్యాబుల్లో ఉంది. పేరు మైక్రోకాంటిలివర్. కాంటిలివర్ మనకు కొత్తేం కాదు, కిటికీ మీద సజ్జ అదే: ఒక కొస గోడలో, ఇంకో కొస గాల్లో. ఆ సజ్జని వెంట్రుక మందమంత పొడవుకి కుదించండి. పైన ఫలానా క్రిమికే అతుక్కునే యాంటీబాడీ పూత వేస్తారు. ఆ క్రిమి వచ్చి అంటుకుంటే సజ్జ రవ్వంత వంగుతుంది, లేదంటే ఊగే వేగం తగ్గుతుంది. ఒక బ్యాక్టీరియా బరువు గ్రాములో సుమారు లక్ష కోట్లవ వంతు. దాన్నీ పసిగడుతుంది! 2004లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఒక్క వైరస్ కణాన్నే ఇలా తూచారు. దానికి మూడేళ్ల ముందే అక్కడ ఉత్తరాల్లో వచ్చిన ఆంత్రాక్స్ పొడికి ఐదుగురు చనిపోయారు.

మన కొల్లాపూర్ మనిషి ప్రొఫెసర్ రామ్‌గోపాల్ రావు గారు ఐఐటీ బొంబాయిలో ఇలాంటి సజ్జలతోనే పేలుడు పదార్థాల ఆవిరిని, గుండెపోటుకి సంబంధించిన ప్రోటీన్లని పట్టే పని చేశారు. వినగానే ఛాతీ ఉబ్బింది నాకు.

అయితే ఇది మన జేబులోకి ఎందుకు రాలేదు? నీళ్లలో ముంచితే సజ్జ ఊపు చచ్చిపోతుంది. ట్యాంకు నీళ్లలో మట్టి, పాచి, తుప్పు కూడా వచ్చి అంటుకుంటాయి. ఏది క్రిమి, ఏది మట్టి అని తేల్చడం కష్టం. అందుకే ఇప్పటికీ నీళ్లు ల్యాబుకే పోవాలి. లెజియొనెల్లా కల్చర్ పరీక్షకి పది రోజులు పట్టొచ్చు.

ఈ లెజియొనెల్లా గోరువెచ్చని నిలవ నీళ్లలో పెరుగుతుంది. ఎక్కువగా తుంపర పీలిస్తేనే ఊపిరితిత్తులకి పడుతుంది. ట్యాంకు పని చేశాక రెండు వారాల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే హెల్త్ సెంటర్‌కి పోయి, ట్యాంకులో దిగానని డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి. అడగందే వాళ్లకెలా తెలుస్తుంది?

ఆ రోజు ప్రెషర్ జెట్ పక్కన పెట్టించి, ఎన్95 మాస్కులిచ్చి, బ్రష్షుతో రుద్దించా. టైము రెట్టింపైంది, మేనేజర్ గొణిగాడు.