మూడవ హెచ్చరిక : జూడో యోధురాలు హు మిమి



ఒక ప్రత్యర్థిని ఏ నియమమువలన జయించెనో, రెండు నెలలు గడచిన పిమ్మట ఆ నియమమువలననే ఆ ప్రత్యర్థి చేతిలో నోడిన యువతి వృత్తాంతమును నేడు మీకు విన్నవించెదను. ఆమె పేరు హు మిమి. దక్షిణ కొరియా పక్షమున పోరు జూడో యోధురాలు.

ముందుగా జూడో యననేమో చెప్పవలయును. 1882వ సంవత్సరమున జపాను దేశమందు జిగోరో కానో అను విద్యావేత్త ప్రాచీన మల్లవిద్యలను సంస్కరించి దీనిని నెలకొల్పెను. ఎదుటివాని బలమునే ఆధారముగా గొని వానిని పడవేయుట యిందలి కీలకము. వేగముతోను బలముతోను వెల్లకిల పడవైచినచో అది ‘ఇప్పోన్’, అనగా సంపూర్ణవిజయము. పోరు తత్క్షణమే ముగియును. నాలుగు నిమిషములలో ఫలము తేలనియెడల కాలపరిమితి లేక పోరు సాగును. నియమభంగమునకు ‘షిదో’ అను హెచ్చరిక కలదు. పోరక వెనుదీసినను, పడవేయు నుద్దేశము లేక ఎత్తు వేసినట్లు నటించినను షిదో విధింతురు. మూడవ షిదోతో ఓటమి సిద్ధించును.

మన న్యాయశాస్త్రమున నిగ్రహస్థానములు 22 చెప్పబడినవి. వాది వానిలో నొకదానియందు చిక్కెనా, వాదమున పరాజితు డగును. మూడవ షిదో అట్టి నిగ్రహస్థానమే. వెన్ను నేలకు తగులకయే ఓటమి కలుగును.

మిమి 2002లో టోక్యో నగరమున జన్మించెను. తండ్రి కొరియా జాతీయుడు. తల్లి జపాను వనిత. 2021లో కాలధర్మము నొందిన నాయనమ్మ, తన మనుమరాలు కొరియా పక్షమున పోరాడవలెనని కోరి కన్నుమూసెను. మిమి ఆ కోరికను శిరసావహించి కొరియాకు వచ్చి, తుదకు జపాను పౌరసత్వమును విడిచెను. అచ్చట వంశక్రమమును శోధింపగా, 1918 ప్రాంతమున జపాను పాలనను ధిక్కరించి ప్రకటనపత్రము లంటించి చెరసాల కేగిన హు సోక్ అను దేశభక్తుడు ఆమెకు ఐదు తరముల పూర్వీకుడని తేలెను.

కొరియా స్త్రీలకు ఈ విద్యలో గొప్ప పూర్వచరిత్ర కలదు. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల జూడోకు పతకములిచ్చుట 1992లో బార్సిలోనాయందు మొదలుకాగా, ఆ యేటనే కిమ్ మి-జంగ్ స్వర్ణమును గెలిచెను. 1996లో అట్లాంటాయందు చో మిన్-సన్ గెలిచెను. కాని 1995 తరువాత ప్రపంచ విజేత్రి యొక్కతెయు కొరియాకు లభింపలేదు. 29 ఏండ్ల యా కొరతను తీర్చినది మిమి. 2024 మే నెలలో అబూధాబీయందు, 57 కిలోగ్రాముల తరగతి తుదిపోరున, కెనడా యోధురాలు క్రిస్టా దెగూచిని ఆమె జయించెను. పొడిగించిన కాలమున దెగూచికి మూడవ షిదో పడుటయే యా జయమునకు హేతువు.

జూలై 29న పారిస్ ఒలింపిక్ తుదిపోరున ఆ యిరువురే మరల ఎదురైరి. నాలుగు నిమిషములలో ఫలము తేలలేదు. పొడిగింపున ఇరువురికిని రెండేసి షిదోలు పడియుండెను. వంగి ప్రత్యర్థి క్రిందికి దూరి వీపు మీదుగా పడవేయుట మిమికి అలవాటైన ఎత్తు. ఆమె అట్లు దూరగా ఎత్తు ఫలింపలేదు. మధ్యవర్తులు దానిని కపటయత్నమని నిర్ణయించి మూడవ షిదో విధించిరి. స్వర్ణము దెగూచికిని, రజతము మిమికిని దక్కెను. నాడు కొరియా స్త్రీల జట్టుకు శిక్షకురాలు ఆ పూర్వవిజేత్రి కిమ్ మి-జంగే.

ఇచ్చట ధర్మసూక్ష్మ మొకటి కలదు. వెనుకంజ వేసిన యడుగు కంటికి కనబడును, ఉద్దేశము కనబడదు. విఫలమైన ప్రయత్నమునకును, నటించిన ప్రయత్నమునకును భేదము ప్రయోక్త మనస్సున మాత్రమే యుండును. దానిని క్షణకాలమున నిర్ణయించుట మధ్యవర్తికి దుష్కరము. గెలిచిన దెగూచి సైతము జూడో నియమములలో మార్పు అవసరమని పలికెను. మిమి మాత్రము, అది కపటయత్న మగునని తా నెరుగననియు, అదియు పోటీలో నొక భాగమే కనుక ఇకపై దానిని తలచుకొని పోరెదననియు చెప్పెను. మే నెలలో తనకు జయమిచ్చిన నియమమును జూలైలో ఆమె నిందింపలేదు. నియమము మార్పదగినదే కావచ్చును. అది మారువరకు రెండు దినములందును దానికి తలయొగ్గుట యోధధర్మము.

విజయపీఠముపై పాడవలెనని ఆమె కొరియా జాతీయగీతమును కంఠస్థము చేసియుండెను. ఆ ముచ్చట పారిస్‌లో తీరలేదు. కొలది దినములకే మిశ్రమ జట్ల పోటీలో కాంస్యము లభించెను. ఆగస్టులో స్వదేశము చేరినంతనే ఆమె గున్వీ యను చోట నున్న హు సోక్ స్మారకశిల యొద్దకేగి, తన పతకముల నచ్చట నుంచి నమస్కరించెను.