ఆ ఇంట్ల నా పేరు లేదు

మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌ల దిగిన మూడో దినం. ఆగస్టు నెల, మన రోహిణి కార్తె లెక్కనే ఎండ. చెత్త పడేసొద్దామని ఆరేండ్ల బిడ్డ చెయ్యి పట్టుకొని బయటికొచ్చిన. తలుపు వెనుకనుంచి దానంతటదే తాళం పడ్డది. ఫోను లోపల. మా ఆయన ఆఫీసుల.

అపార్ట్‌మెంట్ ఆఫీసుకు పోయి నాకొచ్చిన ఇంగ్లిషుల చెప్పుకున్న. ఆడ కూసున్న అమ్మాయి కంప్యూటర్ల చూసి, మర్యాదగనే అన్నది: "మీ పేరు లీజుల లేదు. తాళం ఇయ్యరాదు." పాస్‌పోర్టు చూపిద్దామంటే అది సుత ఇంట్లనే ఉన్నది. ఆమె ఫోనుతోటి మా ఆయనకు చేస్తే మీటింగుల ఉండి ఎత్తలే. ఆమెది తప్పని నేననను. మంచినీళ్లిచ్చింది, బిడ్డకు బిస్కెట్ ఇచ్చింది, ఏసీల కూసోవెట్టింది. గని తాళం ఇయ్యలే. మూడు గంటలు గట్లనే కూసున్నం.

కరీంనగర్ల ఎనిమిదేండ్లు ప్రైవేటు బళ్లె లెక్కలు చెప్పిన మనిషిని. నా జీతం నా ఖాతాల పడేది, నా స్కూటీ నా పేరు మీదుండె. ఆ మూడు గంటలల్ల నాకు సమజైన సంగతే ఇప్పుడు వీసా చేతికొచ్చి సూట్‌కేసులు సదురుతున్న ఆడబిడ్డలకు చెప్తున్న. వాళ్లను పంపే అమ్మానాన్నలు సుత ఇనాలె.

మా ఆయనది హెచ్-1బి వీసా, అంటే నౌకరి వీసా. భార్యాపిల్లలకు ఇచ్చేది హెచ్-4. హెచ్-4 మీద చదువుకోవచ్చు, నౌకరి చేయొద్దు. 2015ల ఒక రూలు వచ్చింది: భర్త గ్రీన్‌కార్డు పనిల ఐ-140 అనే కాగితం మంజూరైతే భార్య పని పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్తగ వచ్చినోళ్లల్ల శానమందికి అది ఉండదు. పని పర్మిట్ లేకుంటే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇయ్యరు. తొమ్మిది అంకెల నంబరది. మన ఆధార్ లెక్క అంటరు గని ఆధార్ చంటిపిల్లకు సుత ఇస్తరు, ఇది మనకు రాదు.

ఆ నంబరు చుట్టే క్రెడిట్ స్కోరు తిరుగుతది. 300 నుంచి 850 దాక ఉంటది. కొత్తగ దిగినోళ్లకు తక్కువ స్కోరు కాదు, అసలు స్కోరే ఉండది. బాకీ చేసి కట్టినోడే ఈడ నమ్మకస్తుడు. జన్మల అప్పు చేయనోడిని ఎవ్వరు నమ్మరు. మా నాయనకు ఫోన్ల ఇది చెప్తే పది నిమిషాలు నవ్విండు. స్కోరు లేదని కరెంటు కంపెనోళ్లు మా ఆయన దగ్గర డిపాజిట్ కట్టించుకున్నరు.

మా ఆయన నాకంటె రెండు నెలలు ముందొచ్చిండు. జల్ది అయితదని ఇల్లు, కరెంటు, ఇంటర్నెట్, బ్యాంకు అన్నీ తన ఒక్కని పేరు మీదనే పెట్టిండు. చెడ్డోడై పెట్టలే. "ఎవరి పేరైతేంది" అని నేను సుత అన్న. ఎవరి పేరైతేందో డ్రైవింగ్ లైసెన్సు కాడ తెలిసింది. టెక్సాస్‌ల లైసెన్సు కావాలంటే పేరు, ఇంటి అడ్రసు రెండూ ఉన్న కాగితాలు రెండు చూపియ్యాలె. లీజు ఆయనది, కరెంటు బిల్లు ఆయనది. నేను ఆ ఇంట్లనే వండుతున్న, తింటున్న, పండుకుంటున్న, గని ఉంటున్ననని రుజువు లేదు. ఆఖరికి "ఈమె నా భార్య, నాతోనే ఉంటది" అని ఆయన అఫిడవిట్ మీద సంతకం పెట్టిండు, పెండ్లి సర్టిఫికెట్ జత చేసినం. అందుకే ఆ సర్టిఫికెట్ హైదరాబాద్‌ల మర్చిపోవద్దు. పెండ్లి ఫొటో ఆల్బం ఐదు కిలోలు మోసుకొచ్చిన, అది ఎవ్వరు అడగలే.

గందుకే మొదటి వారంల ఏం చేయాలంటే: లీజుల నీ పేరు ఉండాలె. "ఉండేటోళ్లు" అన్న కాడ కాదు, సంతకం పెట్టే కిరాయిదారుగ. చాలా బ్యాంకులు సోషల్ నంబరు లేకున్నా పాస్‌పోర్టు, అడ్రసు చూసి ఖాతా తెరుస్తయి. జాయింట్ ఖాతా తీస్తే నెలనెలా స్టేట్‌మెంట్ నీ పేరుతోటి ఇంటికొస్తది. కరెంటు బిల్లుల రెండో పేరు పెట్టియ్యమని అడగాలె. మొగుడు నారాజ్ అయితడేమోనని మొకమాటపడొద్దు. రేపు ఆయనకు పానం బాగలేకుంటే ఈ కాగితాలు పట్టుకొని తిరిగేది నువ్వే.

ఇగ ఐ-94. ఇది అన్నిటికంటె పెద్ద సంగతి, మేం దెబ్బతిన్నది సుత ఈన్నే. వీసా మీద ఉన్న తారీఖు దాక ఉండొచ్చని అందరనుకుంటరు. కాదు. దిగినంక ఎయిర్‌పోర్టుల అధికారి ఇచ్చిన ఐ-94 తారీఖే లెక్క. కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైట్ల పాస్‌పోర్టు నంబరు కొడితే కనపడతది. పాస్‌పోర్టు ముందుగాల అయిపోయేదుంటే ఐ-94 సుత ఆడికే ఆపుతరు. మన దేశంల పిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లకే ఇస్తరు గదా. మా బిడ్డది రెండేండ్లప్పుడు తీసిందే. నాకు, మా ఆయనకు మూడేండ్లు దొరికితే దానికి పది నెలలే వచ్చింది. పక్కింటి తమిళామె "పాపది చూసినవా" అని అడిగితేనే చూసినం, లేకుంటే చేతిల వీసా పట్టుకొని నిమ్మళంగ ఉందుము. ఆ తారీఖు దాటితే ఆరేండ్ల పిల్ల అయినా చట్టం ప్రకారం ఉండొద్దు. పిల్లల పాస్‌పోర్టు ఏడాది, రెండేండ్లల్ల అయిపోయేదుంటే విమానం ఎక్కకముందే కొత్తది తీయండ్రి.

పేరు సుత సూస్కోవాలె. మనం ఇంటిపేరు ముందు రాస్తం, వాళ్లు వెనుక రాస్తరు. మా చుట్టం ఒకాయనకు పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీగ ఉండె. వీసా మీద ఆయన పేరంతా ఇంటిపేరు కింద పడ్డది, సొంతపేరు కాడ ఎఫ్‌ఎన్‌యు అని వచ్చింది. అంటే పేరు తెల్వదని. ఆఫీసుల ఇప్పటికీ ఫ్ను అని పిలుస్తరట.

బడి మాత్రం అల్కగనే అయింది. సర్కారు బడి, ఫీజు లేదు. ఇంటి అడ్రసును బట్టి ఏ బడో వాళ్లే చెప్తరు. పిల్లకు సోషల్ నంబరు లేదంటే వేరే నంబరు వాళ్లే ఇచ్చిన్రు. టీకాల కాడనే ఆగింది. ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఏ టీకా టెక్సాస్ బళ్లల్ల అడుగుతరు. మన సర్కారు దవాఖాన టీకాల పట్టికల ఆ రెండు లేవు. ఇన్సూరెన్సు కార్డు ఇంకా చేతికి రాకముందు ఈడ సూదేయించుడు కంటె మనకాడ పిల్లల డాక్టరు దగ్గర ఏయించుకొని, రాయించుకొని వచ్చుడు నయం.

సామాన్ల సంగతి రెండు ముక్కలు. మన మిక్సీ 230 వోల్టులది, ఈడ 120. మోయకండ్రి. పచ్చి కరివేపాకు తేనియ్యరు. అది నిమ్మజాతి చెట్టు, దానితోటి వచ్చే పురుగు వాళ్ల నారింజతోటలకు తెగులు అంటిస్తదని భయం. మా అత్తమ్మ పెట్టిన కట్ట ఎయిర్‌పోర్టుల డబ్బాల పడ్డది.

బిడ్డ పాస్‌పోర్టు హూస్టన్ కాన్సులేట్ నుంచి కొత్తది తెప్పించినం. ఐ-94 పొడిగింపుకు తారీఖు దాటకముందే ఐ-539 ఫారం పంపినం. అది ముట్టిందన్న రసీదు వచ్చింది, మంజూరు ఇంకా రాలే. లీజు ఈ నెల మల్ల రాసిన్రు. నేను పోయి సంతకం పెట్టిన. ఆఫీసుల అదే అమ్మాయి ఉన్నది, నన్ను గుర్తుపట్టి నవ్వింది. తాళాలు రెండు తీసుకొని ఒకటి పక్కింటామెకు ఇచ్చి పెట్టిన.