టైలు కింద దాగిన ఖర్చు

నేల పని అనగానే మన లెక్క షాపులో మొదలవుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మైపాడులో ఇల్లు కట్టుకునేవాళ్లు పాతిక కిలోమీటర్ల దూరంలోని నెల్లూరుకు వెళ్తారు, మెరిసే టైలు చూసి ‘అడుగెంత?’ అని అడుగుతారు, ఆ అంకెను ఇంటి కొలతతో గుణించి అదే నేల ఖర్చని రాసుకుంటారు. పని సగంలో ఉండగా డబ్బు చాలకపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఈ గుణకారమే. నేల ఖర్చును కింది నుంచి పైకి లెక్కవేయాలి: ముందు ఫిల్లింగ్, తర్వాత కాంక్రీటు, ఆపైన మాలు, కూలి, చివరికి టైలు. సముద్రం పక్క ఊళ్లో ఈ వరస మరీ ముఖ్యం. అక్కడ నేలను పాడుచేసేది చాలావరకు కింది నుంచే వస్తుంది.

మచ్చుకు ఒక గది తీసుకుందాం. వెడల్పు 12 అడుగులు, పొడవు 14. మొత్తం 168 చదరపు అడుగులు. షాపుల్లో ‘2 బై 2’ అనే టైలు అసలు కొలత 600 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులకు దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ. అందుకే నాలుగు టైళ్ల పెట్టె 16 అడుగులకు రాదు, 15.5 అడుగులకే వస్తుంది. 16 అనుకుంటే 11 పెట్టెలు చాలనిపిస్తుంది. కటింగుకీ, పగిలేవాటికీ 8 శాతం కలిపితే కావలసింది 181 అడుగులు దాటుతుంది. ఇక గోడ వెంట నాలుగంగుళాల స్కర్టింగ్ ఉంది. వాకిలికి మూడున్నర అడుగులు తీసేస్తే 48.5 అడుగుల పొడవు. ఒక్కో టైలును కోస్తే అయిదు పట్టీలు వస్తాయి కాబట్టి 25 పట్టీలకు అయిదు టైళ్లు, అంటే ఒక పెట్టెకు పైనే. అన్నీ కలిపితే 13 పెట్టెలు. ఒక్క గదికే రెండు పెట్టెల తేడా!

ఇప్పుడు టైలు కిందికి దిగుదాం. మాలు రెండంగుళాల మందం అనుకుంటే 28 ఘనపుటడుగులు. తడి మాలు కన్నా పొడి సరుకు మూడో వంతు దాకా ఎక్కువ కావాలి. ఆ లెక్కన ఒకటికి అయిదు పాళ్లలో కలిపితే సుమారు 5 బస్తాల సిమెంటు, 30 ఘనపుటడుగుల ఇసుక. దాని కింద నాలుగంగుళాల కాంక్రీటుకు 1:4:8 పాళ్లలో మరో అయిదున్నర బస్తాలు. సిమెంటు పాలకు ఇంకొకటి. అంటే 12 బస్తాలు. బస్తా 350 రూపాయలు, కూలి అడుగుకు 30 అనుకుంటే ఈ రెండే 9,240 రూపాయలు. అడుగు 50 రూపాయల టైలు 13 పెట్టెలకు 10,075. ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి ధరలు పెట్టి చూసుకోండి. ఇసుక, కంకర, ఫిల్లింగ్ ఇంకా కలపకముందే కింది ఖర్చు టైలుకు దాదాపు సమానమైంది. కాంక్రీటు మట్టం ఎగుడుదిగుడుగా ఉండి మాలు మూడంగుళాలైతే రెండున్నర బస్తాలు అదనం. అందుకే టైలు కొనేముందు నీళ్ల ట్యూబుతో ఇల్లంతా మట్టం చూసుకోవడం మంచిది. (పాత ఎస్టిమేటు దగ్గర పెట్టుకున్నవాళ్లకు ఒక మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. టైళ్ల మీదా 18 శాతమే. షాపువాళ్లు చెప్పే ధర పన్నుతో కలిపా, విడిగానా అడగాలి.)

టైలు ఎందుకు, చవగ్గా కడప బండలో బేతంచర్ల బండలో వేసుకుంటే పోలేదా అనొచ్చు. బండ గట్టిదే, ధరా తక్కువే. అయితే చేత్తో కొట్టిన బండల మందం ఒక్కటిగా ఉండదు. ఆ హెచ్చుతగ్గులు మాలే సర్దాలి, పైన పాలిష్ ఖర్చు వేరే. బండ దగ్గర మిగిలింది మాలులో పోతుందేమో చూసుకునే నిర్ణయించుకోవాలి.

మైపాడులో వినబడే అసలు అభ్యంతరం ఇసుక గురించి. గడప దాటితే ఇసుకే కదా, పెన్నా ఇసుకకు బాడుగ ఎందుకు? 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా తవ్వకం, లోడింగు, రవాణా మన జేబులోంచే పోతాయి. కాబట్టి ఆశ సహజం. పైగా నేలలో ఇనుము ఉండదు, ఉప్పుకు తుప్పు పట్టేదేముంది అనే వాదన కూడా సగం నిజమే. సాదా కాంక్రీటులో వాడే నీటికి ఐఎస్ 456 ప్రమాణం లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా క్లోరైడును ఒప్పుకుంటుంది, ఇనుము ఉన్నదానికి 500 మాత్రమే. సముద్రపు నీటిలో అది 19,000 దగ్గర ఉంటుంది. తుప్పు సంగతి వదిలేసినా, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో నేల చెమర్చడానికీ, టైళ్ల సందుల్లో తెల్లని పొడి పొంగడానికీ అది చాలు. ఒడ్డు ఇసుక సన్నగా, ఒకే సైజులో ఉండటంతో మాలు బలమూ తగ్గుతుంది. తీరంలో ఇసుక తవ్వడం కోస్టల్ రెగ్యులేషన్ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం నిషిద్ధం కూడా. అందుకని మైపాడు ఎస్టిమేటులో రెండు వరుసలు తప్పకుండా ఉండాలి: ఏటి ఇసుక బాడుగ, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మంచినీటి ట్యాంకరు. ఫిల్లింగ్ మీద, కాంక్రీటు కింద పరిచే మందపాటి ప్లాస్టిక్ షీటు మూడోది. దాని ఖర్చు తక్కువ, చెమ్మ పైకి రాకుండా ఆపేది మాత్రం అదే.

ఇదంతా మేస్త్రీకి తెలియదా, అడుగుకు ఇంత అని మొత్తంగా ఒప్పుకుంటే సరిపోదా? తెలుసు, అనుభవంలో మనకన్నా ఎక్కువే తెలుసు. కానీ టైళ్లు తక్కువపడితే మళ్లీ కొనాల్సింది ఇంటివాళ్లే. రెండు పెట్టెల కోసం మళ్లీ నెల్లూరుకు ఆటో కట్టించుకుని వెళ్తే అదే లాటు దొరక్కపోవచ్చు. పెట్టె మీద అచ్చువేసిన షేడ్ నంబరు మారితే రంగు తేడా నేలమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిగిలిన పెట్టెలు దండగ అనుకోనక్కర్లేదు. విప్పని పెట్టెలు వెనక్కి తీసుకుంటారో లేదో కొనేటప్పుడే అడిగి బిల్లుమీద రాయించుకోవచ్చు, ఒకటి మాత్రం అటక మీద ఉంచుకోవాలి. ఇక మేస్త్రీ చెప్పిన అడుగు ధరలో ఎన్ని అంగుళాల మాలు దాకా కలిసి ఉంది, స్కర్టింగును రన్నింగ్ అడుగుల్లో కొలుస్తారా నేలతో కలిపేస్తారా, కటింగు బ్లేడు ఎవరిది అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీదికి రావాలి.