ఆ సున్నా ఎలా వచ్చింది?

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు 1901 సీజన్‌లో 11 మ్యాచ్‌లు ఆడింది. చేసిన పాయింట్లు 550, ఇచ్చినవి సున్నా. ఎవరి చూపైనా ముందు 550 మీదే పడుతుంది. నన్నడిగితే అసలు వింత ఆ సున్నాలో ఉంది. అది తెలియాలంటే ఆనాటి ఆట తీరు కాస్త తెలియాలి.

ఇది మనం కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని అవతలివాళ్ల గీత దాటించాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు, బంతి ఉన్నవాణ్ణి మీదపడి ఆపుతారు. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషిద్ధం. అప్పట్లో 3 ప్రయత్నాల్లో 5 గజాలు సాధిస్తే బంతి మన దగ్గరే ఉండేది, లేకుంటే చేజారేది. అందుకే అందరూ గుంపుగా ఒకచోట తోసుకుంటూ పోయేవారు. దాడి చేసేదీ అడ్డుకునేదీ ఆ పదకొండుగురే కాబట్టి, అలసిన జట్టుకు ఊపిరి తీసుకునే వీలుండేది కాదు.

కొత్తగా వచ్చిన కోచ్ ఫీల్డింగ్ యోస్ట్ దెబ్బ కొట్టింది సరిగ్గా అక్కడే. ఒక ప్రయత్నం ముగిసి ఎదుటివాళ్లు ఇంకా లేస్తుండగానే తర్వాతి ప్రయత్నం మొదలైపోవాలన్నది ఆయన పద్ధతి. త్వరగా, త్వరగా అని తొందరపెట్టడమే ఆయనకు మారుపేరైంది. పరుగుకు విల్లీ హెస్టన్ ఉన్నాడు. కాలిఫోర్నియాలో ఉండగా యోస్ట్ కంట్లో పడిన కుర్రాడతను. న్యాయశాస్త్రం చదవడానికి మిషిగన్ చేరాడు. మంచి ఆటగాళ్ల చదువులు కోచ్‌ల వెంట నడవడం ఆ రోజుల్లోనూ ఉందన్నమాట.

ఇక 550 సంగతి. బఫెలో మీద 128, బెలాయిట్ అనే చిన్న కాలేజీ మీద 89. ఈ రెండు మ్యాచ్‌లలోనే 217 పాయింట్లు, అంటే మొత్తంలో దాదాపు 40 శాతం. గట్టి జట్ల దగ్గరికొచ్చేసరికి అంకెలు దిగివచ్చాయి: షికాగో మీద 22, కార్లైల్ మీద 22, ఒహాయో స్టేట్ మీద 21. కాబట్టి సగటు చూసి మురిసిపోనక్కర్లేదు.

సున్నాకు మాత్రం అలాంటి సాకు లేదు. అప్పట్లో గీత దాటిస్తే 5 పాయింట్లు, గోల్ కర్రల మధ్య నుంచి బంతిని తన్నినా 5 పాయింట్లే. ఈ రెండో దానికి ఇవాళ 3 మాత్రమే. గీత దాకా చేరలేని బలహీన జట్టుకైనా ఒక మంచి తన్ను తన్నేవాడుంటే 5 దక్కే అవకాశం ఉండేది. 11 మ్యాచ్‌లలో ఒక్కరికీ ఆ ఒక్కటీ కుదరలేదు!

చివరి మ్యాచ్ 1902 జనవరి 1న, కాలిఫోర్నియాలోని పసడీనాలో. తర్వాత రోజ్ బౌల్‌గా పేరుపడిన పోటీల్లో అది మొదటిది. ప్రత్యర్థి స్టాన్‌ఫర్డ్, అంటే 1900లో యోస్ట్ కోచ్‌గా పనిచేసిన చోటే. మిషిగన్ వాళ్లు చాలా దూరం రైల్లో ప్రయాణించి వచ్చి, ఒక్కణ్ణి కూడా మార్చకుండా పదకొండుగురితోనే ఆట కానిచ్చారు. నీల్ స్నో ఒక్కడే అయిదుసార్లు గీత దాటాడు. 49–0 దగ్గర, ఇంకా 8 నిమిషాలుండగా, ఇక చాలిద్దామని స్టాన్‌ఫర్డ్ కెప్టెన్ అడిగాడు. మిషిగన్ సరేనంది.

ఈ ఏకపక్షపు ఆట చూశాక పసడీనా నిర్వాహకులకు ఫుట్‌బాల్ మీద మోజు పోయింది. కొత్త సంవత్సర వేడుకల్లో కొన్నేళ్లపాటు రథాల పందేలు పెట్టారు. ఫుట్‌బాల్ అక్కడికి మళ్లీ వచ్చింది 1916లోనే.