పిలవని పేరంటమా మీ ఈమెయిల్?

ఆవకాయ రోజులు వస్తున్నాయంటే ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళలకు ఊపిరి సలపదు. ముక్కలు కొట్టించాలి, కారం, ఆవపిండి పట్టించాలి, జాడీలు కడిగి ఎండలో పెట్టాలి. ఈమధ్య ఇంకో పని కూడా వచ్చి చేరింది. పాత కస్టమర్లందరికీ 'కొత్తావకాయ సిద్ధం' అని ఈమెయిల్ పంపడం. చీరలమ్మేవారికి శ్రావణమాసం ముందు ఇదే హడావుడి. పైసా ఖర్చులేని ప్రచారమే కదా అని కొందరు చేతికి దొరికిన చిరునామాలన్నిటికీ పంపేస్తుంటారు. తీరా చూస్తే ఒక్క ఆర్డరూ రాదు. రుచి బాగాలేక కాదు. ఆ ఉత్తరం అవతలివారి కంటపడితే కదా! నేరుగా స్పామ్ అనే చెత్తబుట్టలో పడి ఉంటుంది.

స్పామ్ అన్నది నిజానికి అమెరికాలో డబ్బాల్లో అమ్మే మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టీవీలో వచ్చిన ఓ హాస్య నాటికలో హోటల్లో ఏది అడిగినా అదే వడ్డిస్తారు. అడగకుండా వచ్చిపడే ఉత్తరాలకు ఆ పేరే స్థిరపడింది. అలాంటి మొదటి ఉత్తరం 1978 మే 3న వెళ్లిందంటారు. ఓ కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి పంపాడు. తిట్లు బాగానే తిన్నాడట!

మరి మన ఉత్తరానికి ఆ గతి పట్టకూడదంటే? మనం పేరంటానికి ఎలా పిలుస్తాం? గుమ్మంలోకి వెళ్లి, బొట్టు పెట్టి పిలుస్తాం. ఇక్కడా అంతే, ముందు అవతలివారు సరేననాలి. అపార్ట్‌మెంట్ రిజిస్టర్లో ఉన్నవీ, పిల్లల స్కూలు గ్రూపులో కనిపించినవీ మీకిచ్చిన చిరునామాలు కావు. ఎగ్జిబిషన్లో స్టాలు పెట్టారనుకోండి. అక్కడ ఉంచే పుస్తకంలో పేజీ పైనే 'నెలకోసారి కొత్త సరుకు వివరాలు పంపుతాం, ఇష్టమైతేనే రాయండి' అని తెలుగులో స్పష్టంగా రాసిపెట్టండి. ఇంటికొచ్చాక ఒక్కొక్కరికీ చిన్న ఉత్తరం పంపి, అవునని జవాబిచ్చినవారినే జాబితాలో చేర్చుకోండి. రాతలో ఒక అక్షరం తప్పు చదివినా మీ కబురు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది మరి. ఇక లక్ష చిరునామాలు ఇస్తామంటూ అమ్మజూపేవారి జోలికి అసలు పోవద్దు. స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికి వల వేసి ఉంచిన చిరునామాలు కూడా వాటిలో కలిసి ఉంటాయి.

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇంకొకటుంది. నలభై మంది చిరునామాలూ 'టు' గడిలోనే వరసగా కొట్టేస్తారు. అప్పుడు ఆ నలభై మందికీ మిగతా వాళ్లందరి చిరునామాలూ కనిపిస్తాయి. ఓ అమ్మాయి మీ దగ్గర నైటీలు కొన్న సంగతి, ఆమె చిరునామాతో సహా, ఎవరెవరికో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమెకు వేళాపాళా లేకుండా ఎవరైనా ఉత్తరాలు రాస్తే బాధ్యత ఎవరిది? అందరికీ ఒకేసారి పంపాలంటే 'బిసిసి' గడిలో రాయాలి. జాబితా పెద్దదయితే మెయిల్‌చింప్, జోహో క్యాంపెయిన్స్ లాంటి సేవలున్నాయి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచైతే రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు.

చట్టం మాటా ఓసారి విందాం. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగానూ ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పచ్చళ్లు పంపేవారైతే అక్కడి 2003 నాటి కాన్-స్పామ్ చట్టం కూడా తెలుసుకోవాలి. ఉత్తరంలో మీ అసలు పోస్టల్ చిరునామా ఉండాలి. పైన రాసే విషయం మోసగించేలా ఉండకూడదు. వద్దన్నవారి పేరు పది పనిదినాల్లోగా తీసేయాలి.

చట్టం కంటే ముందు పట్టుకునేది గూగులే. రోజుకు 5,000కు పైగా జీమెయిల్ చిరునామాలకు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి గట్టి షరతులు పెట్టింది. ఒక్క నొక్కుతో మానేసే వీలుండాలి, స్పామ్ అని ఫిర్యాదు చేసేవారు వెయ్యికి ముగ్గురి లోపే ఉండాలి. మనది అంత పెద్ద వ్యాపారం కాకపోవచ్చు. కానీ పదిమంది విసుగుపుట్టి స్పామ్ మీట నొక్కితే, ఎదురుచూసే కస్టమర్‌కు పంపిన ఉత్తరం కూడా చెత్తబుట్టలో పడే ప్రమాదముంది.

అందుకే ఉత్తరం చివర 'వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అన్న మాట పెద్దక్షరాల్లోనే ఉంచండి. మానేసినవారికి ఫోన్ చేసి 'ఏం వదినా, మా మీద కోపమొచ్చిందా' అని నిలదీయకండి. (అలా అడిగేవారూ లేకపోలేదు!) పైన రాసే వాక్యం సూటిగా ఉండాలి. 'అర్జెంట్', 'మీకు బహుమతి వచ్చింది' లాంటివి వద్దు. 'గోంగూర పచ్చడి, అరకిలో, ఈ శనివారం నుంచి' అంటే చాలు. నెలకోసారని చెప్పి వారానికి మూడు పంపడం మాట తప్పడమే.

ఏడాదిగా మీ ఉత్తరం తెరవనివారు ఉంటే 'ఇంకా పంపమంటారా' అని ఒక్కసారి అడగండి. జవాబు రాకపోతే ఆ పేరు కొట్టేయండి.