కొత్తచెరువుకు ఆఫ్రికా చుట్టరికం

ఆఫ్రికాలో నాలుగు రోజులు సఫారీ, మూడు రోజులు కెన్యా సముద్రతీరం, ఇద్దరికి విమాన టిక్కెట్లతో సహా. కారు, బైకు, ఫ్రిజ్జు, బంగారు నాణెం అనే లక్కీ డ్రాల పాత వరసలో ఇప్పుడు ఇదీ ఒక బహుమతి. మన మండల కేంద్రాలకు విదేశీ యాత్రల ఊరింపు కొత్తేమీ కాదు. టార్గెట్ అందుకున్న ఎరువుల, విత్తనాల, సిమెంటు డీలర్లను కంపెనీలు బ్యాంకాక్, సింగపూర్ తిప్పి తీసుకురావడం ఊరూరా తెలిసిన ముచ్చటే. ఈసారి ఆఫ్రికా కూపను శ్రీసత్యసాయి జిల్లా కొత్తచెరువులో ఎవరికో తగిలిందనుకుందాం. విమానం దిగి ఆ మనిషి ఏం చూస్తాడు? సింహాలూ ఏనుగులూ సరే, వాటి కాళ్ళ కింద నేల సంగతేమిటి? పటం ఒక చేత్తో, వర్షపాతం లెక్కలు మరో చేత్తో పట్టుకుని చూస్తే గమ్మత్తయిన విషయం బయటపడుతుంది. సుమారు 5 వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్ళి అతను అడుగు పెట్టేది చాలా మటుకు తన ఊరి నేల లాంటి నేల మీదే.

కొత్తచెరువు చాలామందికి బస్సు మారే ఊరు. పుట్టపర్తికి వచ్చే భక్తులు, ధర్మవరం చీరల కోసం వెళ్ళేవాళ్ళు, పెనుకొండ దారి పట్టేవాళ్ళు ఇక్కడ టీ తాగి సాగిపోతారు. శ్రీసత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ పేరుకు పుట్టపర్తిదైనా ఉన్నది ఈ ఊరి వైపే. 2000లో ఆ లైను తెరిచాక ఊరి ముఖం కొంత మారింది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా రెండు ముక్కలై పుట్టపర్తి జిల్లా కేంద్రమయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకే వచ్చారు. పిల్లలకు ఆయన చెప్పిన పాఠం వనరుల గురించి. ఊరిని ఎంచిందెవరో, పాఠాన్ని ఎంచిందెవరో గానీ రెండూ బాగా కుదిరాయి.

ఎందుకంటే ఇక్కడ వనరు అంటే మొదట నీళ్ళు. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. టాంజానియాలోని సెరెంగెటీ జాతీయ పార్కు ఆగ్నేయ మైదానాల్లో కురిసేది 500 ప్రాంతంలో. అంటే లక్షల జంతువులు ఈని పిల్లల్ని సాకే గడ్డి మైదానానికీ, మనం కరువు సీమ అని పిలుచుకునే నేలకూ వాన లెక్క దాదాపు ఒకటే. అక్కడ ఆ వాన గడ్డిని మొలిపిస్తుంది. గడ్డి అయిపోగానే నూగడ్డాలూ వంకర కొమ్ములూ ఉన్న వైల్డ్‌బీస్ట్ మందలు మబ్బు కనబడిన దిక్కుకు నడుస్తాయి. వీటి సంఖ్య 13 లక్షలకు పైమాటేనని చాలాకాలంగా చెప్పే లెక్క. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణ మైదానాల్లో ఈనడం, జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన కెన్యాలోని మసాయి మారాలో మేయడం, మళ్ళీ వెనక్కి రావడం. ఏడాది పొడవునా అదే చుట్టు.

మన దగ్గర ఆ నడక నడిచేది గొర్రెలు. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్నది ఉమ్మడి అనంతపురంలోనే. ఎండాకాలం ముదిరేసరికి కాపరులు మందల్ని తోలుకుని పచ్చిక, నీళ్ళు ఉన్న వైపుకు జిల్లాలు దాటిపోతారు. దారిలో రైతులు చేలల్లో మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు పడుకున్న చేనుకు ఎరువు దక్కుతుంది, కాపరికి గింజలో రూపాయలో ముడతాయి. తొలకరి పడితే తిరుగు ప్రయాణం. సెరెంగెటీ వలసను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి జీపులు బాడుగకు తీసుకుంటారు. ఈ వలస మన బస్సులకు అడ్డం వచ్చినప్పుడు మాత్రం హారను కొడతాం.

వాన లెక్క కలిసింది సరే, ఆ వానను మోసుకొచ్చే గాలి కథ ఇంకా వింత. జూన్‌లో దక్షిణార్ధగోళం నుంచి బయల్దేరిన గాలి భూమధ్యరేఖ దాటే చోట తూర్పు ఆఫ్రికా పీఠభూమి అడ్డుగోడలా నిలబడుతుంది. ఆ గోడను ఒరుసుకుంటూ, సుమారు కిలోమీటరున్నర ఎత్తున, గాలి సన్నటి ధారై వేగం పుంజుకుంటుంది. కెన్యా, సోమాలియా తీరాల మీదుగా అరేబియా సముద్రంలోకి మళ్ళి మన పడమటి తీరాన్ని తాకుతుంది. దీని నడకను 1969లో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త జాన్ ఫిండ్లేటర్ విడమరిచి చూపించాడు. అందుకే దాన్ని ఫిండ్లేటర్ జెట్ అంటారు. మన నైరుతి రుతుపవనాలకు ఊపునిచ్చేది అదే. 1498లో వాస్కోడిగామా ఏప్రిల్ 24న కెన్యా తీరంలోని మలిందిలో తెరచాప ఎత్తి, మే 20 నాటికి కోళికోడ్ దగ్గర లంగరు వేయగలిగింది కూడా ఈ దారి తెలిసిన నావికుణ్ణి వెంటబెట్టుకునే.

ఆ గాలి తడినంతా కనుమల్లో కుమ్మరించేస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7 వేల మిల్లీమీటర్లకు పైగా వాన. అక్కణ్ణుంచి నేరుగా తూర్పుకు 300 కిలోమీటర్లు రాకముందే కొత్తచెరువు. ఇక్కడికి చేరేది ఖాళీ గాలి. ఆషాఢంలో ఈ పల్లెల్లో గాలి ఈడ్చి కొడుతుంది, మబ్బులు తల మీదుగా పరుగెత్తిపోతాయి, చినుకు మాత్రం రాలదు. పడమట రామగిరి కొండల మీద గాలిమరలు గిరగిరా తిరిగేది ఆ రోజుల్లోనే. బహుమతి యాత్రలో చివరి మూడు రోజులు గడిపే కెన్యా బీచ్ మీదుగా వచ్చిన గాలే ఇక్కడ కరెంటు పుట్టిస్తోందన్నమాట. నీళ్ళు తేకపోయినా ఆ పనైనా చేస్తోంది.

రాళ్ళు చూసినా అంతే. సెరెంగెటీలో పచ్చిక మధ్య అకస్మాత్తుగా లేచే నల్లరాతి గుండ్ల గుట్టలుంటాయి, వాటిని అక్కడ కోప్యే అంటారు. సింహాలు ఎండ కాచుకునేది వాటి మీదే కనుక ఫొటోలన్నిటిలోనూ ఆ గుండ్లే. కొత్తచెరువు నుంచి పెనుకొండ వైపు వెళ్తుంటే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్ల కొండలు కనిపిస్తాయి. ఇవీ అవీ 250 కోట్ల ఏళ్ళకు పైబడిన శిలలే. రెండు నేలలూ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే ఖండంలో ఉండేవి. సుమారు 16 కోట్ల ఏళ్ళ కింద విడివడ్డాయి. మన గుండ్ల మీద సింహం లేదు. ఎలుగుబంటి ఉంది. పెనుకొండ, మడకశిర వైపు కొండల నుంచి దిగి ఊళ్ళలోకి వస్తుంటుంది. కృష్ణజింకలు ఉమ్మడి జిల్లా చేలల్లో మందలుగా తిరుగుతాయి. వాటిని తరిమే చీతా కూడా ఒకప్పుడు ఈ సీమదే. 1951లో పక్కనున్న చిత్తూరు జిల్లాలో ఒకటి కనిపించినట్టు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రిక మరుసటి ఏడు ప్రచురించింది. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనోకు చీతాల్ని తెచ్చుకున్నది ఆఫ్రికాలోని నమీబియా నుంచి.

ఇన్ని చుట్టరికాలున్నా నాకు అన్నిటికన్నా నచ్చింది చెనక్కాయది, అంటే వేరుశనగది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో వంటనూనెకు, కొవ్వుకు కటకట వచ్చింది. తమ ఏలుబడిలో ఉన్న టాంగన్యీకాలో, అంటే నేటి టాంజానియాలో, 32 లక్షల ఎకరాల్లో వేరుశనగ వేయాలని బ్రిటన్ ప్రభుత్వం పథకం వేసింది. 1947లో కోంగ్వా అనే చోట పని మొదలైంది. ట్రాక్టర్లు చాలక యుద్ధంలో వాడిన షెర్మన్ ట్యాంకుల్ని ట్రాక్టర్లుగా మార్పించారు. బావోబాబ్ చెట్ల మొదళ్ళు ఆ యంత్రాలకూ లొంగలేదు (గోల్కొండ దగ్గర హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ చుట్టూ ఒకసారి తిరిగినవాళ్ళకు ఆ బాధ అర్థమవుతుంది). తొలి ఏడాది లక్షన్నర ఎకరాలు అనుకుంటే 10 వేల ఎకరాలు కూడా వేయలేకపోయారు. వేసినచోట వాన మొహం చాటేసింది. బంకమట్టి ఎండి ఇటుకలా బిగుసుకుంది. 1951 జనవరిలో పథకాన్ని చాలించుకునే నాటికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు మట్టిపాలయ్యాయి.

కొత్తచెరువు రైతును ఎవరన్నా ముందు ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. చెనక్కాయ పువ్వు పూసేది నేలపైన, కాయ కాసేది నేల లోపల. పువ్వు వాడాక దాని అడుగు నుంచి సన్నటి ఊడ ఒకటి బయల్దేరి కిందికి వంగుతుంది. మొన సూదిలా ఉంటుంది. మట్టి మెత్తగా ఉంటే గుచ్చుకుని లోపలికి దిగి, కొస అడ్డంగా తిరిగి కాయ కడుతుంది. ఊడలు దిగే ఆ రోజుల్లో ఒక పదును వాన పడాలి. పడకపోతే నేల గట్టిపడి ఊడ మొన అక్కడే నల్లబడి ఎండిపోతుంది. ఎర్ర గరప నేల కనుక మన దగ్గర ఊడకు దారి దొరుకుతుంది. కోంగ్వా బంకమట్టిలో ఆ దారే మూసుకుపోయింది. కాసిన నాలుగు కాయల్ని పెరకడానికీ వీల్లేకపోయింది. మన నేల అదృష్టం కూడా ఎప్పుడూ నిలిచేది కాదు. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఖరీఫ్‌లో 8 లక్షల హెక్టార్ల దాకా వేసిన పంట ఇప్పుడు బాగా తగ్గింది. దగ్గరలోని కదిరి పరిశోధన కేంద్రం కె-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు ఇచ్చినా, బోరు ఉన్నవాళ్ళు దానిమ్మకు, చీనీకి, మల్బరీకి మళ్ళారు.

ఇక సముద్రం. కొత్తచెరువు నుంచి గీత గీస్తే తూర్పు తీరం 250 కిలోమీటర్లు, పడమటి తీరం 340 కిలోమీటర్ల దాకా. నెల్లూరు పక్కన మైపాడు ఇసుకలో నిలబడటానికి కూపను అక్కర్లేదు, ఒక రాత్రి ప్రయాణం చాలు. సఫారీ ఆశ ఉన్నవాళ్ళకు ఇదే జిల్లాలో చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. సంక్రాంతి దాటాక అక్కడికి పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి, ఇళ్ళ మధ్యనున్న చింతచెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. పసుపు ముక్కు, ఎర్రటి కాళ్ళు, తోక వైపు ఈకల్లో గులాబీ రంగు. ఇంటి చూరు మీద నీడ పడేంత దగ్గరగా పిల్లలకు చేపలు తినిపిస్తుంటాయి. ఊరివాళ్ళు వాటిని బెదరగొట్టరు. మసాయి మారాలో కూడా పక్షులు మనిషికి ఇంత చేరువగా ఉంటాయని నేననుకోను.

అయినా బహుమతి బహుమతే. మనవాళ్ళకు పెద్ద డ్రాలు తగలకపోలేదు. 2019 ఆగస్టులో దుబాయ్‌లో పని దొరక్క తిరిగొచ్చిన ఒక నిజామాబాద్ రైతుకు, మిత్రుడి చేత కొనిపించిన టిక్కెట్టు మీద కోటీ 50 లక్షల దిర్హమ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో అంతే మొత్తం దుబాయ్‌లో డ్రైవరుగా ఉన్న ఒక జగిత్యాల యువకుడికి తగిలింది. అయితే ఇక్కడ కూర్చుని విదేశీ లాటరీ టిక్కెట్లకు డబ్బు పంపడాన్ని మన విదేశీ మారక నిబంధనలు ఒప్పవు.

మన దేశంలో ఏ సంస్థో సఫారీ ఇచ్చిందనుకుందాం. లక్కీ డ్రా బహుమతి మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతుంది. యాత్ర విలువ 6 లక్షలైతే 1,87,200 రూపాయలు. బహుమతి వస్తువుగానో యాత్రగానో ఉంటే, మూలంలో కోసే పన్ను కట్టాకే దాన్ని చేతికివ్వాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేక ఏనాడూ రిటర్ను వేయని రైతు కూడా ఈ ఒక్క యాత్ర కోసం వేయాల్సి వస్తుంది. ఆ పన్ను మీ పాన్ నంబరు మీద ప్రభుత్వ ఖాతాకే జమ కావాలి. ఎవరి ఫోన్ నంబరుకో, యూపీఐకో పంపమంటే అది పన్ను కాదు. మూడు రాత్రులు ఉచితం, భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్‌కు రండి అంటే, సాధారణంగా అక్కడ ఉండేది హాలిడే క్లబ్ సభ్యత్వం అమ్మే సభ. వినియోగదారుల చట్టం ప్రకారం, అమ్మకాలు పెంచుకోవడానికి డ్రా పెట్టి ఫలితం దాచడం అనుచిత వ్యాపార పద్ధతి. గెలిచినవాళ్ళ జాబితా అడిగే హక్కు కూపను నింపిన ప్రతివారికీ ఉంది.

నిజంగానే తగిలితే కొత్తచెరువు నుంచి దారి ఇలా. రైల్లో గానీ రోడ్డు మీద గానీ బెంగళూరు, అక్కణ్ణుంచి ముంబై, ముంబై నుంచి నైరోబీకి విమానంలో సుమారు ఆరు గంటలు. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకుంటే సరిపోతుంది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మరవకండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. బహుమతి పేరు చెప్పి ఎవరైనా డబ్బు కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.