చెత్త బండికి డబ్బు ఎవరు ఇస్తున్నారు?



వర్షాలు మొదలైతే విరేచనాలు, దోమల జ్వరాలు పెరుగుతాయి. ఆరోగ్యవంతుడు నాలుగు రోజుల్లో తేరుకుంటాడు. కాని కిడ్నీ జబ్బుతో ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గిపోవడమే పెద్ద ప్రమాదం. మన ఉద్దానంలో అటువంటివారు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మందు ఇవ్వడం ఆసుపత్రి పని. వీధి చివర కుప్ప తీయించడం పంచాయతీ లేక మునిసిపాలిటీ పని. ఆ పని ఎలా జరుగుతుందో, దానికి డబ్బు ఎక్కడి నుండి వస్తుందో మనం తెలుసుకోవాలి. తెలిస్తేనే అడగవలసినవారిని అడగగలము.

ఇది ఎవరి బాధ్యత?

పలాస, కాశీబుగ్గలకు కలిపి మునిసిపాలిటీ ఉన్నది. అక్కడ కమిషనరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు బాధ్యులు. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల గ్రామాలలో, టెక్కలి చుట్టుపక్కల పల్లెలలో ఆ బాధ్యత గ్రామ పంచాయతీది. అక్కడ సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని అడగాలి. వీధులు ఊడ్చి చెత్త తీయడం దయతో చేసే పని కాదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం దీనిని పంచాయతీ తప్పనిసరి విధులలో చేర్చింది.

డబ్బు ఎక్కడిది?

మొదటిది మనం కట్టే ఇంటి పన్ను. పట్టణాలలో ఆస్తి పన్నులో పారిశుద్ధ్యానికి కూడా ఒక భాగం ఉండేలా 1965 నాటి మునిసిపాలిటీల చట్టమే వీలు కల్పించింది.

రెండవది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధులలో నూటికి 60 వంతులు పారిశుద్ధ్యానికి, తాగునీటికి మాత్రమే వాడాలని షరతు పెట్టింది.

మూడవది వ్యాపారులు కట్టే లైసెన్సు రుసుములు, సంతల ఆదాయం.

ఇక పట్టణాలలో ఇంటింటికీ నెలనెలా వసూలు చేసిన రుసుము సంగతి. 2021 అక్టోబరు 2న క్లాప్ అనే కార్యక్రమం మొదలైంది. దానితో వచ్చిన ఈ రుసుమును జనం చెత్త పన్ను అన్నారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం దానిని రద్దు చేసింది. పన్ను రద్దయింది గాని ఖర్చు రద్దు కాలేదు. బండికి డీజిలు, కార్మికులకు జీతం ఇప్పటికీ కావాలి. ఆ భారం మిగిలిన ఆదాయాల మీదనే పడుతుంది.

ఈ ఖర్చులో పెద్ద భాగం జీతాలది. 2023 డిసెంబరు చివరిలో రాష్ట్రమంతటా మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు జీతాల కోసం సమ్మె చేశారు. రెండు వారాలకే పట్టణాల వీధులలో కుప్పలు పేరుకుపోయాయి. వారు లేకపోతే ఏమవుతుందో అప్పుడు అందరూ చూశారు.

కలిపితే ఖర్చు, వేరు చేస్తే ఆదాయం

పల్లెలలో చెత్త నుండి సంపద తయారు చేసే షెడ్లు కట్టారు. తడి చెత్త విడిగా వస్తే అక్కడ వానపాముల ఎరువు అవుతుంది. అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ విడిగా వస్తే అమ్ముడుపోతాయి. రెండూ కలిసిపోతే ఎరువూ కాదు, అమ్మకమూ కాదు. ఊరి బయట కుప్పపోయడమే మిగులుతుంది. అందుకే 2016 నాటి కేంద్ర నియమాలు ఇంటి వద్దనే వేరు చేయమన్నాయి. 2026 జనవరిలో ప్రకటించిన కొత్త నియమాలు నాలుగు రకాలు చెప్పాయి: తడి, పొడి, శానిటరీ న్యాప్‌కిన్లు డైపర్ల వంటివి, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. పాత మందులు, బల్బులు, పాదరసపు థర్మామీటర్లు ఈ నాలుగవ రకంలోకి వస్తాయి.

వ్యాపారుల చెత్త

పలాసలో జీడిపిక్కల పెంకులు చెత్త కాదు, సరుకే. వాటి నుండి నూనె తీస్తారు, పొయ్యిలో వాడతారు. కాని ఆ జీడి తగిలితే చర్మం పొక్కుతుంది. కావున పెంకులను వీధి కుప్పలో వేయరాదు. హోటళ్లు, కల్యాణ మండపాల వంటి చోట రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త వస్తే, దానిని సక్రమంగా వదిలించుకునే బాధ్యత నియమాల ప్రకారం ప్రధానంగా వారిదే. ఆ ఖర్చును ఊరి మీదకు నెట్టరాదు.

ఆసుపత్రి చెత్త దారి వేరు. దానిని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులుగా వేరు చేసి, అనుమతి పొందిన కేంద్రానికి పంపాలి. ఊరి బండిలో వేయరాదు. మరి ఇంటి వద్ద ఇన్సులిన్ వేసుకొనేవారి సూదుల మాట ఏమిటి? చెత్త సంచిలో వేసిన సూది, మర్నాడు సంచి ఎత్తే అమ్మ చేతిలో గుచ్చుకుంటుంది. కామెర్ల హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. ఆ దారిన రావచ్చు.

మనం చేయవలసినవి

1. తడికి ఒక బుట్ట, పొడికి ఒక బుట్ట పెట్టండి.
2. వాడిన సూదులను మూత బిగించే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆసుపత్రికి వచ్చినప్పుడు నర్సుకు ఇవ్వండి. ఇంటి వద్ద పొట్ట డయాలసిస్ చేసుకొనేవారు సంచులు, గొట్టాలు ఎక్కడ ఇవ్వాలో డయాలసిస్ విభాగంలో అడగండి.
3. న్యాప్‌కిన్లు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి.
4. పెరటిలోని కొబ్బరి డిప్పలు, పాత టైర్లలో నీరు నిలవనీయకండి. డెంగ్యూ దోమ వారం పది రోజుల్లో పెరిగిపోతుంది. కావున వారానికొకసారి తప్పక ఒంపివేయండి.
5. ప్లాస్టిక్‌ను తగులబెట్టకండి. ఆ పొగ ఆయాసం ఉన్నవారికి చాలా చెడు చేస్తుంది.
6. ఇంటి పన్ను కట్టి రసీదు తీసుకోండి. గ్రామసభకు వెళ్లి పారిశుద్ధ్యానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని మర్యాదగా అడగండి. అది చెప్పవలసిన బాధ్యత పంచాయతీకి ఉన్నది.